పాత ఫైబర్ పడవ కొనుగోలు: అడుగు పరీక్ష

వాడిన పడవ అడుగుకు, పక్కగోడలకు తగిలిన దెబ్బలను, వాటి మీద జరిగిన నాసిరకం మరమ్మతులను కొనేముందే పసిగట్టే పని ఇది. నగరి వైపు పడవ కొనేవారి సంగతి చూద్దాం. నగరి మరమగ్గాల ఊరు. పడవలతో దానికి పెద్దగా పని లేదు. అయితే దగ్గరలోని పిచ్చాటూరు జలాశయం దాటి పారే అరణి నది పులికాట్ సరస్సులో కలుస్తుంది. ఈ వైపు పడవ బేరమంటే ఆ సరస్సు ఒడ్డునే. సరస్సు లోతు తక్కువ, పడవ అడుగు ఇసుకకు రాసుకోవడం మామూలే. తెరచాప కట్టిన చెక్క పడవల చోటును ఫైబర్ పడవలు చాలావరకు ఆక్రమించాయి. 2004 సునామీ తర్వాత ఇవి తీరమంతా హడావుడిగా తయారై పంపిణీ అయ్యాయి. వాటి నాణ్యత మీద అప్పుడే విమర్శలు వచ్చాయి.

ఫైబర్ గోడ అంటే రెసిన్‌లో తడిపి ఒకదానిపై ఒకటి పరిచిన గాజునార పొరలు, వాటిపై జెల్‌కోట్ అనే నున్నటి పూత. పూత మీది సన్నని గీతలకు భయపడనక్కర్లేదు. ఒకే చోట నుంచి సాలెగూడులా విచ్చుకున్న పగుళ్లుంటే మాత్రం అక్కడ దెబ్బ తగిలినట్టే. లోపలివైపు అదే చోటు చూడాలి, నార తెల్లబారి ఉంటే పొరలు దెబ్బతిన్నాయి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే, చిన్న సుత్తితో అడుగంతా తట్టాలి. గట్టి గోడ ఖంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట బొదబొదమంటుంది. పూత మీద లేచిన బుడిపెను పొడిస్తే పుల్లటి వాసనతో నీరు కారిందంటే తేమ పూతను దాటి లోపలికి చేరింది.

దెబ్బకన్నా దొంగ మరమ్మతు ప్రమాదం. సరైన అతుకు వేయాలంటే చిల్లు చుట్టూ గోడను ఏటవాలుగా అరగదీయాలి. మందం 5 మిల్లీమీటర్లయితే ఆ వాలు సుమారు 60 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. అంత ఓపిక లేనివారు పుట్టీ నింపి రంగు కొడతారు, అది అలల తాకిడికి ఊడివస్తుంది. ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూట గోడ వెంబడి చూస్తే ఎత్తుపల్లాలు బయటపడతాయి. అమ్మకానికి ముందు అడుగుకు మాత్రమే కొత్త రంగు వేసిన పడవను అనుమానించాల్సిందే. రంగు వేయని, కంటికి కనిపించే అతుకే నయం.

ఇంజన్ బిగించే వెనక పలకను చాలామంది వదిలేస్తారు. దాని లోపల తరచూ ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి ఆ ప్లైవుడ్ కుళ్లుతుంది. ఇంజన్‌ను పైకీ కిందికీ ఊపినప్పుడు పలక కదిలితే, ఆ పలకను మార్చే ఖర్చును ధరలోంచి తీసేసి బేరమాడాలి.