వాత నుంచి సూక్ష్మదర్శిని దాకా

తమిళనాడులోని ధర్మపురి ప్రాంతం ఆలంబాడి ఎడ్లకు పుట్టినిల్లు. 1965లో సేలం నుంచి విడిపోయి జిల్లా అయింది. తెలుగు మాట వినిపించే హోసూరు కూడా 2004 దాకా ఈ జిల్లాలోదే. అక్కడి పశుక్షేత్రం 1824 నాటిది.

పశువు ఒంటిమీద గడ్డ లేస్తే పల్లెల్లో వాత పెట్టేవారు. అది ఏ గడ్డో తేల్చే దారి ఉండేది కాదు.

ఆ దారి చూపే చదువుకు 1903లో మద్రాసు వేపేరిలో పశువైద్య కళాశాల మొదలైంది. తిరుపతి కళాశాల 1955లో వచ్చింది.

ఇప్పుడు కోసిన గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, పల్చటి పొరలుగా తీసి రంగులద్దుతారు. సూక్ష్మదర్శినిలో కణకేంద్రాలు ఊదాగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. ఉదాహరణకు, చెమటగ్రంథి సాధు (క్యాన్సర్ కాని) కణితిలో కణాలు తీరుగా ఉంటాయి, చుట్టుపక్కలకు చొరబడవు. ముసలి కుక్కల్లో కనిపించే ఈ కణితి పశువుల్లో అరుదు. పూర్తిగా కోసి తీసేస్తే సాధారణంగా తిరగబెట్టదు.

ఎడ్లకు వచ్చే కొమ్ము క్యాన్సర్ అలా కాదు, ప్రాణం తీయగలదు. అందుకే కోసిన ప్రతి గడ్డనూ పరీక్షకు పంపించాలి.