బుడమేరుకు రెండు దారులు

కృష్ణానదికి అంత చేరువలో పుట్టి కూడా అందులో కలవకుండా తూర్పుకు మళ్లిపోయిన ఏరు బుడమేరు. మైలవరం చుట్టుపక్కల కొండల్లోంచి దిగే వాగులన్నీ కూడితే అది ఏరవుతుంది. కొండపల్లి గుట్టలు అడ్డం కావడంతో కృష్ణవైపు పోలేదు. విజయవాడ ఉత్తరపు అంచున వంకర్లు తిరుగుతూ, ఎనికేపాడు దగ్గర డెల్టా కాలువ అడుగున తూములోంచి దాటి, సుమారు 170 కిలోమీటర్లు నడిచి కొల్లేరులో పడుతుంది. అక్కణ్ణుంచి ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. ప్రకృతి దీనికి రాసిచ్చిన దారి ఇదే.

ఎండాకాలంలో విజయవాడలోని సింగ్‌నగర్ వైపు వెళ్లి చూస్తే ఇది ఏరంటే నమ్మబుద్ధి కాదు. గుర్రపుడెక్క, మురుగు, చెత్త. అయితే కొండవాగుకు ఓపిక తక్కువ. పైన గట్టి వాన పడితే గంటల్లోనే నీరంతా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. విజయవాడ దుఃఖదాయిని అన్న పేరు అందుకే వచ్చింది.

ఊరిని కాపాడాలని ఇంజనీర్లు దీనికి రెండో దారి తవ్వారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను అక్కడే పడమటికి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. అదే బుడమేరు డైవర్షన్ ఛానల్, వాడుకలో బీడీసీ. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వాడి వదిలిన నీళ్లు కూడా ఇందులోకే వస్తాయి. అలా కొల్లేటి ఏరు సగం కృష్ణకు ఉపనది అయింది.

2015లో ఆ కాలువకు మరో పని పడింది. పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి, చివరికి బీడీసీలోంచే కృష్ణలో కలిసింది. ఆ చోటికి పవిత్ర సంగమం అని పేరు పెట్టి హారతులిచ్చారు. రెండు మహానదుల కలయిక అని చెప్పుకున్నారే గానీ, వాటిని కలిపిన కాలువ ఎవరిదో ఎవరికీ పట్టలేదు. ఎంతైనా పేదింటి ఏరు కదా!

ఈ రెండో దారిలో ఒక లోపం మొదటినుంచీ ఉంది. అది ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో దిగుతుంది. కృష్ణ పోటుమీద ఉంటే కాలువ నీటిని లోపలికి రానివ్వదు, వెనక్కి తోస్తుంది. మామూలు ఏడాదుల్లో ఇది బయటపడదు. రెండు వరదలూ ఒకేసారి వచ్చినప్పుడే తెలుస్తుంది.

2024 ఆగస్టు చివర్లో అదే జరిగింది. సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు దాటించింది. ఇటు బుడమేరు పొంగింది. బీడీసీ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. కట్ట తెంచుకున్న నీరు తన పాత దారినే వెతుక్కుంది: సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట. ఇళ్లు మొదటి అంతస్తు దాకా మునిగాయి, జనం రోజుల తరబడి మేడల మీదే గడిపారు. సైన్యం కూడా వచ్చి సాయం పట్టాక గాని గండ్లు పూడలేదు.

ఆ తర్వాత ప్రభుత్వం బీడీసీని వెడల్పు చేస్తామంది, ఆక్రమణలు తొలగిస్తామంది. నాకు మాత్రం వెలగలేరు కంటే ఎనికేపాడు దిగువే ఎక్కువ అనుమానం. పట్నం దాటించిన నీరు పోవలసింది కొల్లేటికే. ఆ సరస్సులోనేమో చేపల చెరువుల గట్లు. 2006లో చాలావాటిని కొట్టేసినా, తర్వాత మళ్లీ లేచాయి. తమ్మిలేరు కూడా అక్కడికే దిగుతుంది. ఇన్ని నీళ్లనూ సముద్రానికి తీసుకుపోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే. పూడిక, ఆక్రమణలు దాన్నీ వదల్లేదు.