గోనెసంచిలో ఇంజను

నెల రోజులుగా ఒక పాత మోటారు సైకిలు నా నిద్ర చెడగొడుతున్నది. నూజివీడు దగ్గర ఒక మామిడితోటలో, ఎరువుల బస్తాలు దాచుకునే రేకుల పాకలో ఉన్నదది. 1974 నాటి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, 350 సీసీ. తోట యజమాని 80,000 రూపాయలు అడుగుతున్నారు. నడిచే స్థితికి తేవాలంటే మరో లక్షయినా అవుతుందని నాతో వచ్చిన బెజవాడ ఆటోనగర్ మెకానిక్ అంచనా. ఆ డబ్బుకు కొత్త బండే వస్తుంది గదా అన్న మాట మా ఇంట్లో రోజుకొక్కసారైనా వినబడుతున్నది. ఆ మాటలో తప్పేమీ లేదు. నా కోరికల్లా ఆ బండి మీద దోర్నాల ఘాటు ఎక్కి శ్రీశైలం, ఓపికుంటే అటునుంచి హంపి దాకా వెళ్ళిరావాలని.

డబ్బును మించిన చిక్కు మరొకటున్నది. ఆ చట్రంలో ఇప్పుడున్నది బుల్లెట్ ఇంజను కాదు, డీజిల్ ఇంజను. అసలు ఇంజను ఆ పక్కనే గోనెసంచిలో మూటగట్టి ఉన్నది. బండి చూసి వచ్చిన నాటినుంచి కొనాలా వద్దా అన్న ప్రశ్న నా మనసులో మరో ప్రశ్నగా మారింది. బాగుచేయడమంటే ఈ బండిని ఏ కాలానికి తీసుకుపోవడం? 1974కా, లేక డీజిల్ ఇంజను ఎక్కిన 1990లకా? జవాబు కోసం బుల్లెట్ కథను మొదటినుంచీ తిరగేశాను.

రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణం. ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్ళోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి విడిభాగాలు చేసియిచ్చిన సంస్థ కనుక ఆ పేరూ, తుపాకిలా తయారైనదన్న నినాదమూ దానికి అంటుకున్నాయి. తొలి మోటారు సైకిలు 1901లో వచ్చింది. బుల్లెట్ అన్న పేరు 1932లో మొదలైంది. మనం గుర్తుపట్టే రూపం మాత్రం 1940ల చివర ఏర్పడింది. ఆనాటి చాలా బళ్ళలో వెనక చక్రాన్ని చట్రానికి కదలకుండా బిగించేవారు. గతుకు దెబ్బ నేరుగా నడిపేవాడి నడుముకే తగిలేది. కొత్త బుల్లెట్‌లో వెనక చక్రం కీలు మీద పైకీ కిందికీ ఆడుతూ, ఆ దెబ్బను షాకబ్జార్బర్లకు అప్పగించేది. గతుకుల దారుల దేశానికి ఇది ఎంత పనికివచ్చే మార్పో వేరే చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సరిహద్దు గస్తీకి మన సైన్యానికి గట్టి మోటారు సైకిళ్ళు కావలసివచ్చాయి. బుల్లెట్ ఆ పనికి కుదిరింది. రెడ్డిచ్ సంస్థ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించాయి. మద్రాసు శివారు తిరువొత్తియూరులో కర్మాగారం వెలిసింది. మొదట ఇంగ్లండునుంచి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించేవారు. తరువాత అచ్చులూ పనిముట్లూ కూడా ఓడలెక్కి వచ్చాయి. 1960ల తొలి సంవత్సరాలు గడిచేసరికి బండి మొత్తం ఇక్కడే తయారవడం మొదలైంది.

అసలు విశేషం ఆ తరువాత జరిగింది. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ పేరుతో బళ్ళ తయారీయే ఆగిపోయింది. తల్లివేరు ఎండిపోయినా, అంటుకట్టిన కొమ్మ బంగాళాఖాతం ఒడ్డున కాపుకాస్తూనే ఉన్నది. 1977లో తిరువొత్తియూరు బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి కావడం మొదలైంది. మామిడితోటలో నిలబడి ఈ సంగతి తలచుకుంటే నాకు నవ్వొచ్చింది. ఇక 'అసలు సిసలు' బుల్లెట్ అంటే ఏది?

మన దేశంలో అది అంతకాలం పెద్దగా మారకుండా ఉండడానికి కారణం ఒక్క నాణ్యతే అనుకుంటే పొరపాటు. లైసెన్సుల కాలంలో పోటీ తక్కువ. బుల్లెట్ కాక చెప్పుకోదగిన మోటారు సైకిళ్ళు రెండే. ఒకటి ఫరీదాబాదులో తయారైన రాజ్‌దూత్, దాని మూలం పోలండు. రెండవది మైసూరులో తయారైన జావా, దాని మూలం చెకోస్లొవేకియా. 1973 నుంచి అది యెజ్డి అయింది. ఎంచుకోవడానికి లేనప్పుడు మార్చవలసిన అవసరమూ ఉండదు. కొనేవాడికి అది నష్టమే. కానీ ఆ నష్టంలోనుంచే మరో లాభం పుట్టింది. ఒకే ఇంజను దశాబ్దాల తరబడి రావడంవల్ల ప్రతి పట్టణంలోనూ దాన్ని కళ్ళు మూసుకుని విప్పగల మెకానిక్కులు తయారయ్యారు.

ఆ ఇంజను కూడా విప్పించుకోవడానికి వీలుగానే పుట్టింది. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90 మిల్లీమీటర్లు. పిస్టన్ తాపీగా ఎక్కిదిగుతుంది గనుకనే ఆ దడదడ శబ్దం. గేరుపెట్టె వేరు, ఇంజను వేరు. ఆయిలుకు విడిగా ట్యాంకు లేదు, క్రాంకుకేసులోనే ఒక అర కట్టి అందులో పోస్తారు. రెండు చిన్న పంపుల్లో ఒకటి ఆయిలును కనెక్టింగ్ రాడ్డు అడుగుభాగానికి నెడితే, రెండవది పైన వాల్వుల దగ్గరికి పంపుతుంది. సిలిండరు అరిగితే లేతు మీద బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తే సరి. మరికొన్నేళ్ళ ఆయుష్షు వచ్చినట్టే. ఈ పని బెజవాడ ఆటోనగర్‌లో ఎన్ని వేల ఇంజన్లకు జరిగిందో లెక్కపెట్టినవారు ఎవరూ ఉండరు.

1985లో హీరో హోండా 100 సీసీ బండి వచ్చాక ఈ లోకం తలకిందులైంది. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోవడమే బండికి పరమార్థమయింది. 1990లో గల్ఫ్ సంక్షోభంతో పెట్రోలు ధర పెరిగి, బుల్లెట్ ఉన్న రైతుకు అది గుదిబండలా తోచింది. ఎన్‌ఫీల్డ్ సంస్థే 325 సీసీ డీజిల్ బండిని తయారుచేసి అమ్మింది. దాని బలం ఆరున్నర గుర్రాలు, పెట్రోలు బుల్లెట్‌కు 18. వేగం లేదు, కానీ లీటరుకు 70 కిలోమీటర్లు దాటి నడిచేది. అంత డబ్బు పెట్టలేనివారు పాత బుల్లెట్ చట్రంలోనే చిన్న డీజిల్ ఇంజను బిగించుకునేవారు. నేను చూసిన బండి ఆ బాపతుదే. దాని వెనక పాలక్యాన్లు తగిలించుకోవడానికి వెల్డింగు చేయించిన ఇనుప కొక్కేలు ఇంకా ఉన్నాయి. ఆ క్యాన్లతోనే పిల్లల ఫీజులు కట్టానని తోట యజమాని చెప్పారు.

ఇప్పుడు చట్టం సంగతి. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకు నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషనుకు 50 ఏళ్ళు దాటి, చట్రంలోగాని ఇంజనులోగాని పెద్ద మార్పు లేకుండా, తొలిరూపంలో ఉన్న బండికే ఆ హోదా దక్కుతుంది. అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీయవచ్చుగాని, మామూలు ప్రయాణాలకు వాడకూడదు. రెండవ దారి మామూలు రిజిస్ట్రేషను పునరుద్ధరణ. తనిఖీలో నెగ్గితే అయిదేళ్ళకొకసారి పొడిగిస్తారు. అప్పుడు శ్రీశైలమూ వెళ్ళవచ్చు, హంపీ వెళ్ళవచ్చు. ఏ దారి పట్టినా ఇంజను నంబరు ఆర్సీ పుస్తకంలోని నంబరుతో కలవాలి.

నిబంధన చదివాక నాకు ఒక సంగతి తేటపడింది. తొలిరూపం అన్నది ఈ బండి చరిత్రలో ఎక్కడా నిలిచి లేదు. ఇంగ్లండు నమూనా మద్రాసుకు వచ్చి మారింది. మద్రాసు బండి నూజివీడుకు వచ్చి మారింది. మార్చుకున్నవారున్న చోటే అది బతికింది. మార్చే చేతులు ఆగిపోయిన రెడ్డిచ్‌లో అది చచ్చిపోయింది. కనుక 1974 నాటి రంగు, 1974 నాటి మరలు వెతికి తెచ్చి, పాలక్యాన్ల కొక్కేలను కోసేసి అద్దాల గదిలో నిలబెట్టడం బాగుచేయడం కాదని నాకనిపించింది. అది నడిచినన్నాళ్ళు నడిపించిన మనిషిని చెరిపేయడమే అవుతుంది. అలాగని డీజిల్ ఇంజనుతో ఘాటు ఎక్కడమూ కుదరదు, చట్టమూ ఒప్పుకోదు.

నిన్న ఆదివారం మెకానిక్‌తో మళ్ళీ వెళ్ళాను. "నంబరు చూడందే మాట ఇవ్వకండి సార్" అని దారిలోనే హెచ్చరించాడాయన. సంచి విప్పితే ఎలుకలు కొరికిన గోనెపీచు, గడ్డకట్టిన ఆయిలు. కనెక్టింగ్ రాడ్డు చేత్తో ఊపితేనే టకటకలాడింది. డీజిలులో తడిపిన గుడ్డతో సిలిండరు మొదట్లో క్రాంకుకేసును రుద్దుతూ ఆయన ఒక్కొక్క అంకె చదువుతుంటే, నేను ఆర్సీ పుస్తకంలో వేలు పెట్టి చూసుకున్నాను. చివరి అంకె దగ్గర మట్టి అంత తొందరగా వదలలేదు. వదిలాక అది ఏడు. పుస్తకంలోనూ ఏడే.

తోట యజమాని అప్పటిదాకా మంచం మీదే కూర్చుని చూస్తున్నారు. "దీన్ని నడుపుతారా బాబూ, హాల్లో పెట్టుకుంటారా?" అని అడిగారు.

"నడుపుతానండీ. కొక్కేలు కూడా తియ్యను."

"అయితే ఆ డీజిల్ ఇంజను నాకు వదిలెయ్యండి. చెరువుకింద చెక్కకి నీళ్ళు తోడుకోవడానికి పనికొస్తుంది" అన్నారాయన. దానికి 5,000 తగ్గించారు. నేను 10,000 బయానా ఇచ్చి వచ్చాను. ఈ సంగతి మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. రేపు ఆటోనగర్‌నుంచి ఇంజను మోసుకుని ట్రాలీ బయల్దేరేలోపు చెప్పాలి.