జామాయిల్ కింద ఏం బతుకుతాయి?
కోలారు, అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాల్లో జామాయిల్ కింద నేల బోసిగా ఉండటానికి నీడ కంటే దాహమే పెద్ద కారణం. పైపొరలో పరుచుకున్న వేళ్లు పడిన చినుకును ముందే లాగేస్తాయి. రాలిన ఆకుల్లోని సినియోల్ వంటి నూనెలు మొలకలను అడ్డుకుంటాయి. వానలు తక్కువైతే అవి కొట్టుకుపోక అక్కడే పేరుకుంటాయి. 2017లో కర్ణాటక కొత్తగా ఈ చెట్లు నాటడాన్ని నిషేధించింది కూడా భూగర్భ జలాల భయంతోనే.

ఉన్న చెట్లను కొట్టలేని వారు గులాబీల మీద ఆశ వదులుకోవడమే మేలు. చాగనార, కలబంద, కిత్తనార నిలుస్తాయి. ఎండ తగిలే అంచున కాగితం పూలు కూడా. విత్తనాలు చల్లకుండా, తొలకరిలో వేళ్ల సందు చూసి చిన్న మొక్కలే నాటాలి. ఆకులు ఊడ్చేసి, మొదటి రెండు వేసవులు నీళ్లు పోయాలి. కుండీలైతే ఇటుకల మీద ఉంచాలి, లేకుంటే అడుగు రంధ్రంలోంచి చెట్టు వేళ్లే లోపలికి వచ్చేస్తాయి.