కర్త లేని వాక్యం: కృష్ణా డెల్టాలో సాంకేతిక భాష చరిత్ర

భాషను గురించి మనం చేసే చర్చల్లో కావ్యభాష ఉంటుంది, పత్రికాభాష ఉంటుంది, పాఠ్యపుస్తకాల భాష ఉంటుంది. యంత్రం మనిషితో మాట్లాడే భాష మాత్రం ఆ చర్చల్లోకి రాదు. అది ఇంజనీర్ల వ్యవహారమనీ, సాహిత్యానికీ దానికీ పొత్తు లేదనీ మనవాళ్ల అభిప్రాయం. ఆ అభిప్రాయం సరైనది కాదని నా వాదన. నవల ముట్టని ఇంట్లో కూడా ఈనాడు రోజూ చదివే తెలుగు ఒకటుంది. అది ఫోను మీదికి వచ్చే సందేశం.

విజయవాడలో అపార్ట్‌మెంట్ల సంగతే తీసుకుందాం. తలుపు తాళం, గుమ్మంలో కెమెరా, నీళ్ల ట్యాంకు మోటారు, ఏసీ యంత్రం ఒక్కొక్కటే ఫోనుతో ముడిపడుతున్నాయి. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉంటారు. వాళ్లు అమర్చిపోయిన యంత్రాలతో ఇంట్లో వేగవలసింది పెద్దవాళ్లు. వాళ్లకు వచ్చే తెలుగు ఎటువంటిది? "పరికరం ప్రామాణీకరణ విఫలమైంది", "సమకాలీకరణ పూర్తి కాలేదు", "ఫర్మ్‌వేర్ నవీకరణ అవసరం". అక్షరాలు మనవే. కాని రాత్రిపూట ఒంటరిగా ఉన్న ముసలమ్మకు కావలసిన విషయం ఒక్కటే: తాళం పడిందా, లేదా? ఆ ముక్క ఆ వాక్యంలో లేదు.

దీనికి రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. అచ్చమైన తెలుగు మాటలు పుట్టిస్తే సరిపోతుందని కొందరు. ఎవరికీ తెలియని తెలుగు కంటె ఇంగ్లీషే నయమని మరికొందరు. ఇద్దరి చూపూ మాట మీదనే ఉంది. కృష్ణా డెల్టా చరిత్రను పరిశీలిస్తే దోషం మాటలో కాక మరోచోట ఉన్నదని తేలుతుంది.

ఈ ప్రాంతపు రైతును మొదట చుట్టుముట్టిన సాంకేతిక భాష రెవిన్యూ భాష. ఫసలీ, జమాబందీ, దస్తావేజు, దరఖాస్తు వంటి మాటలు పార్శీ, అరబ్బీల నుంచి కచేరీ మీదుగా వచ్చాయి. అడంగలు అరవం నుంచి వచ్చింది. ఆ మిశ్రభాష ఎంత దట్టమైనదంటే, బందరులో ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌన్‌కు మామూలు తెలుగు నిఘంటువు చాలలేదు. కచేరీ మాటల కోసం 1852లో జిల్లా నిఘంటువునూ, 1854లో మిశ్రభాషా నిఘంటువునూ ప్రత్యేకంగా అచ్చు వేయించాడు. రైతు మాత్రం నిఘంటువు లేకుండానే ఆ మాటలన్నీ నేర్చాడు. అయినా మోసపోయాడు. ఎందుచేత? మాట తెలియక కాదు, లెక్క కనబడక. ఏ భూమికి ఎవరు ఎంత వేశారు, ఎందుకు వేశారు అన్నది కరణం పుస్తకంలో ఉండేది. పుస్తకం కరణం చంకలో ఉండేది. 1984లో ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. అడంగలు అనే మాట మాత్రం మిగిలింది. ఈనాటికీ అది ఎవరినీ బాధించడం లేదు.

రెండో పొర కాలవల భాష. కాటన్ ప్రతిపాదన మీద కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1852లో మొదలైన పని 1855లో ముగిసింది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవసు కాలవల వెంట ఇంగ్లీషు మాటలు ఊళ్లలోకి పారాయి. పడవల రాకపోకలకు లాకులు వచ్చాయి, కాలవకు కాపలాగా లస్కరు వచ్చాడు. కాలవ అడుగునుంచి మరో ప్రవాహాన్ని దాటించే కట్టడం యూటీ అయింది. ఎనికేపాడు యూటీ అంటే ఏమిటో ఆ చుట్టుపక్కల రైతుకు ఎవరూ వివరించనక్కరలేదు. బుడమేరు అక్కడ ఏలూరు కాలవ కింది నుంచి కొల్లేటివైపు పోతుందని అతనికి తెలుసు. తూము, బోదె, మురుగు కాలవ వంటి పాత మాటలు కొత్తవాటి పక్కనే నిలిచాయి. పైగా మన ఆనకట్టకు చుట్టమైన అరవ మాటనే ఇంగ్లీషువాళ్లు 'ఆనికట్' అని తమ భాషలో చేర్చుకున్నారు. మాట ఏ భాషదైనా, దాని వెనక వస్తువు కంటికి కనిపిస్తూ, పని చేతికి అందుతూ ఉంటే ప్రజలు దాన్ని తమది చేసుకుంటారు. 'కరెంటు' అలాగే తెలుగయింది. 'విద్యుచ్ఛక్తి' అచ్చులో నిలిచింది.

మూడో పొర మన సొంత ప్రభుత్వపు తెలుగు. దీనికి ముందు ఆశాజనకమైన చరిత్ర ఉంది. గిడుగు రామమూర్తి ఉద్యమం నడిచింది. తాపీ ధర్మారావు 'జనవాణి'లో వాడుక భాషతో దినపత్రిక నడిపి చూపించాడు. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించింది కూడా ఆయనే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువడింది. సాంకేతిక పదాలు పండితుడి గదిలో పుట్టనక్కరలేదనీ, నాగలి పట్టినవాడి నోట సిద్ధంగా ఉన్నాయనీ ఆ పుస్తకం రుజువు చేసింది. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది.

కాని కార్యాలయంలోకి వచ్చిన తెలుగు ఎటువంటిది? "తెలియజేయడమైనది", "తిరస్కరించడమైనది", "చర్య తీసుకోబడును". ఇందులో కష్టమైన పదం ఒక్కటీ లేదు. లేనివాడు కర్త. ఎవరు తిరస్కరించారు? ఏ కారణం చేత? ఎవరిని అడగాలి? 'బడు' ప్రయోగం వ్యాకరణ గ్రంథాల్లో ఉన్నా మన నోట అరుదు. "అన్నం నా చేత తినబడింది" అని ఏ తల్లీ బిడ్డకు నేర్పదు. ఇంగ్లీషు ఫైలును అనువదిస్తూ గుమాస్తా దాన్ని పెంచి పోషించాడు. అది అధికారికి అనుకూలించింది గనుక నిలిచింది. తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు తోచేదేమంటే, ఇది శైలీదోషం కాదు, బాధ్యతను దాచే ఉపాయం.

యంత్రపు తెలుగు ఈ వంశంలో పుట్టిందే. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, మన లిపికి స్థానం దొరికింది. 2014లో ఆండ్రాయిడ్ ఫోన్లకు తెలుగు తెర వచ్చింది. లిపి సమస్య తీరింది గాని వాక్యం సమస్య అలాగే ఉంది. "ప్రామాణీకరణ విఫలమైంది" అన్నప్పుడు విఫలమైనది ఎవరు? ఇంటివారు సంకేతపదం తప్పు కొట్టారా? ఇంట్లో నెట్ పోయిందా? ఎక్కడో కంపెనీవారి కంప్యూటరు ఆగిందా? మూడింటికీ అదే వాక్యం. తప్పు కంపెనీదైనా ఇంటి పెద్ద తన చేతకానితనమే అనుకుంటాడు. పక్కింటి కుర్రవాణ్ణి బతిమాలుతాడు. కరణం పోయిన చోట కొత్త మధ్యవర్తి వెలిశాడు.

ఆ మధ్యవర్తి ఎల్లప్పుడూ పక్కింటి కుర్రవాడే కాడు. 2022 ప్రాంతంలో దేశమంతటా పాకిన కరెంటు బిల్లు మోసాన్ని గుర్తు చేసుకోండి. బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కరెంటు తీసేస్తాం, ఫలానా నంబరుకు ఫోను చేయండి: ఆ సందేశాల సారం ఇంతే. ఏం జరిగింది, ఏం జరగబోతుంది, నువ్వేం చేయాలి అన్న మూడూ అందులో ఉన్నాయి. నిజం చెప్పేవాడు అర్థం కాకుండా, అబద్ధం చెప్పేవాడు అర్థమయ్యేలా మాట్లాడే సమాజంలో అమాయకుడు ఎటు పోతాడు?

ఇల్లు దాటి చెరువు గట్టుకు వెళ్దాం. కైకలూరు, ముదినేపల్లి ప్రాంతాల్లో రొయ్యల చెరువులకు ఏరియేటర్లే ప్రాణం. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే పంటంతా చచ్చి తేలుతుంది. అందుకే మోటార్లకు ఫోను కబురు అమర్చుకుంటున్నారు. ఆ కబురు "ఫేజ్ వైఫల్యం గుర్తించబడింది" అని రావచ్చు. "ఒక ఫేజు రావడం లేదు, ఏరియేటర్లు ఆగాయి, జనరేటరు వెయ్యండి" అనీ రావచ్చు. ఫేజు, ఏరియేటరు, జనరేటరు అన్నీ పరాయి మాటలే. అయినా రెండోదే తెలుగు వాక్యం.

వరద సంగతీ ఇంతే. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. 2024 సెప్టెంబరు 2న ఆ ప్రవాహం 11.43 లక్షలు దాటింది. అవే రోజుల్లో సింగ్‌నగర్ ఇళ్లను ముంచింది మాత్రం కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీటిని క్యూసెక్కు అంటారు. ఇంజనీరుకు ఆ లెక్క తప్పనిసరి. కాని ఒక తల్లికి కావలసిన లెక్క వేరు: ఏ నీరు, మా వీధికి ఎప్పుడు, ఎంత లోతు, పిల్లలతో ఎక్కడికి పోవాలి?

శాస్త్రానికి కచ్చితమైన పదజాలం అక్కర్లేదా అని అడగవచ్చు. తప్పక కావాలి. మెకానిక్కుకు వేసే గుర్తు అంకె సందేశం చివర ఉండనివ్వండి. ముందు మాత్రం ఇంటివారి వాక్యం ఉండాలి. ఏం జరిగింది, తప్పు ఎవరి వైపు ఉంది, ఇప్పుడేం చేయాలి అన్న మూడు ప్రశ్నలకు అది జవాబు చెప్పాలి. 'ఓటీపీ' ఇంగ్లీషు పొడి అక్షరాలే. "ఎవరికీ చెప్పవద్దు" అన్న తెలుగు దాని పక్కన నిలిచింది గనుకనే ఊరూరా అర్థమయింది.

ఈ పని అనువాద యంత్రాలకో కంపెనీ గుమాస్తాలకో వదిలిపెట్టదగినది కాదు. 1962 నాటి పదకోశం పొలం గట్టుకు వెళ్లినట్లే, ఈనాటి సందేశం లైన్‌మన్ దగ్గరకూ, లస్కరు దగ్గరకూ, వంటింట్లోకీ వెళ్లాలి. రాసిన వాక్యాన్ని చదువు తక్కువైన మనిషికి వినిపించి, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగి చూడాలి. పాఠ్యపుస్తకాల భాష కోసం పోరాడిన చరిత్ర మన రచయితలకు ఉంది. తలుపు మీదికీ, మోటారు మీదికీ వచ్చిన ఈ తెలుగును బాగు చేయడం కూడా ఆ పోరాటంలో మిగిలిపోయిన పనే.