రెండవ ద్వారపాలిక

కోసిన చెరుకు ఎవరికొరకును వేచియుండదు. ఎండలో బండిపై నిలిచిన ప్రతి గడియకును అది కొంత బరువును, కొంత తీపిని కోల్పోవును. కాబట్టియే, 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము నుండి మంజీర నీరు కాలువల వెంట దిగివచ్చి బోధను పరిసరములలోని నల్లరేగడి చేలను చెరుకు తోటలుగా మార్చిన పిదప, 1937లో శక్కరనగరమున నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారములో గానుగాట ఒకసారి మొదలైనదనగా, రేయింబవళ్ల భేదము లేక సాగవలసినదే గాని నడుమ నిలుచుటకు వీలులేకుండెను.

నాకు పదేండ్ల ప్రాయమున మా మామ నన్నొకనాడు అచటికి తీసికొనిపోయి, రసమును తోడు పంపుల చెంత నిలిపెను. పంపులు రెండు, ఒకటి హోరుమని నడుచుచున్నది, రెండవది నూనె పూసికొని నిగనిగలాడుచు ఊరకున్నది. నా కన్నులు సహజముగనే నడుచుదాని మీద నిలిచినవి. మామ నవ్వి, "నడిచేదాన్ని ఏం జూస్తవ్ రా? పక్కకున్నదాన్ని జూడు. గది తయారుంటేనే గిది నడుస్తది" అని, వంగి, ఆ నిద్రించు పంపు ఇరుసును చేతితో పట్టి అరచుట్టు త్రిప్పెను. షిఫ్టున కొకసారి అట్లు త్రిప్పనియెడల బేరింగులు పట్టివేయునట. అవసరము వచ్చిన క్షణమున అది కదలదట.

ఆ మాటలోని సారము నాకు యంత్రశాలలో గాక ఆటస్థలమునందు బోధపడెను. బడిలో మా హాకీ జట్టునకు నేను రెండవ గోల్‌కీపరును. చక్కెర గోనెను కత్తిరించి, చెరుకు పిప్పి కూరి, పురికొసతో ముంగాళ్లకు కట్టుకొన్న కవచమే నా సర్వాయుధము. ఏడాది పొడుగునను ఆ కవచమును కట్టుకొనుటయు, గీత బయట కూర్చుండుటయు, ఆట ముగిసిన పిదప దానిని విప్పుకొనుటయు తప్ప నాకు వేరు పని లేకుండెను. ఒకనాడు మొదటివాని బొటనవ్రేలు చిట్లగా నన్ను పిలిచిరి. లేచి నిలుచుసరికి కాళ్లు చల్లబడి కొయ్యబారియున్నవి. బంతి ఒక్కసారియే వచ్చెను. నా కాలు కదలకముందే అది నా ప్రక్కనుండి సాగిపోయి, నా అదృష్టవశమున గోలుస్తంభము వెలుపలికి జారెను. అందరును నన్ను మెచ్చుకొనిరి. కదలని ఇరుసు సంగతి నాకు మాత్రమే తెలియును.

హాకీ చరిత్ర వ్రాసినవారు గోలు కొట్టినవానిని మొదటను, గోలు కాచినవానిని తరువాతను తలచుకొందురు; కాచుటకై సిద్ధపడి కూర్చున్నవానిని తలచుకొన్న వారు అరుదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సునకు ప్రప్రథమముగా పోయిన భారత జట్టు ఐదు ఆటలలో 29 గోల్స్ చేసి ఒక్కటియు ఇయ్యకుండ స్వర్ణము గెలిచినప్పుడు, ధ్యాన్‌చంద్ పేరు లోకమంతట మారుమ్రోగినది. గోలులో నిలిచిన రిచర్డ్ ఆలెన్ పేరు తెలిసినవారు కొందరే. నాలుగేండ్ల పిదప లాస్ ఏంజిలిస్‌లో అమెరికాపై 24-1తో గెలిచిన ఆటలో ఆ ఒక్క గోలు పడునప్పుడు ఆలెన్ ప్రేక్షకులకు సంతకములు చేయుచుండెనను ముచ్చట నేటికిని చెప్పుకొందురు. కాని అదే పోటీలో జపానుతో జరిగిన ఆటలో గోలు కాచిన ఆర్థర్ హిండ్‌ను గురించి అట్టి ముచ్చట యొక్కటియు మిగులలేదు. రెండవవానికి కథ మిగులకపోవుట ఆనాటినుండియే వచ్చుచున్న ఆచారము కాబోలు.

రెండవవాడు లేనిచో ఏమగునో తెలిసికొనుటకు మన ఉక్కపోతను కాసేపు మరచి, మంచుపై ఆడు ఐస్ హాకీ ప్రపంచమునకు పోవలెను. అచట బంతికి మారుగా గడ్డకట్టించిన రబ్బరు బిళ్ల. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తుగల గోలు. 1928 ఏప్రిల్ 7న మాంట్రియల్ నగరములో స్టాన్లీ కప్పు తుది పోటీలలో రెండవ ఆట నడుచుచుండగా, న్యూయార్క్ రేంజర్స్ జట్టు గోలీ (గోల్‌కీపరు) లోర్న్ షాబో కంటికి ఆ బిళ్ల తగిలెను. జట్టునకు మరొక గోలీ లేడు. ప్రేక్షకులలో కూర్చున్న వేరొక జట్టు గోలీని దింపుటకు ప్రత్యర్థులు సమ్మతింపలేదు. తుదకు 44 ఏండ్ల వయసు గల శిక్షకుడు లెస్టర్ పాట్రిక్, తలనెరసినవాడు, తానే కవచము తొడుగుకొని గోలులో నిలిచెను. అదనపు సమయమున రేంజర్స్ 2-1తో గెలిచిరి, అనంతరము కప్పును గూడ గెలిచిరి. వీరగాథవలె చెప్పుకొనదగినదే, కాని దాని మూలమున ఉన్నది ఒక ఖాళీ కుర్చీ.

మూడు దశాబ్దముల పిదప, 1959 నవంబరు 1న, న్యూయార్కులో ఆండీ బాత్‌గేట్ కొట్టిన బిళ్ల మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖమును చీల్చెను. లోపల కుట్లు వేయుచుండగా బయట ఆట నిలిచిపోయెను. సాధనలో తాను వాడుకొను ముఖకవచమును ధరింపనిచ్చిననే తిరిగి వత్తునని ప్లాంట్ పట్టుబట్టెను. అది పిరికితనమునకు గురుతని అంతవరకు అడ్డుచెప్పుచు వచ్చిన శిక్షకుడు టో బ్లేక్‌నకు తగిన మరొక గోలీ చేతిలో లేనందున తలయూపక తప్పలేదు. గోలీల ముఖమునకు రక్షణ కల్గిన చరిత్రలో ఆ రాత్రి ఒక మలుపు అని అందరును వ్రాసిరి. కాని ఆ మలుపునకు ఒక కారణము రెండవవాని లేమియే. ప్రతి ఆటకును ఇరువురు గోలీలు సిద్ధముగా ఉండి తీరవలెనను నియమము ఉత్తర అమెరికా జాతీయ హాకీ లీగులో 1965-66 నాటికి గాని స్థిరపడలేదు.

ఇక మన నేల మీది రెండవ ద్వారపాలికకు వత్తము. నాటి చిత్తూరు జిల్లాలోని యెనుమలవారిపల్లె అను కుగ్రామమున 1990 జూన్ 9న పుట్టిన ఎతిమరపు రజని భారత మహిళా హాకీ జట్టులో గోల్‌కీపరై, దశాబ్దమునకు పైగా దేశము తరఫున నిలిచినది. విధి చేసిన వింత యేమనగా, ఆమె పుట్టిన నెలనాళ్లకే, జూలై 11న, హర్యానాలో సవితా పునియా పుట్టినది. ఇరువురును ఒకే తరమువారు, ఒకే పనివారు. ముందు వరుసలో నలుగురైదుగురికి చోటు గలదు, నడిమి వరుసలోను గలదు, గోలులో మాత్రము ఒక్కరికే. మొదటిస్థానము సవితకు దక్కెను. అంతటినుండి రజని కథ చాలవరకు ఆ ప్రక్కస్థానము కథయే.

2017లో జపానులోని కకమిగహారాలో చైనాపై షూటౌట్‌లో గెలిచి ఆసియా కప్పు తెచ్చినప్పుడు ఆమె జట్టులోనున్నది; గోలులోనున్నది సవిత. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడలు, లండన్ ప్రపంచ కప్పు, రజతము గెలిచిన జకార్తా ఆసియా క్రీడలు, ఇట్లు వరుసగా ఆమె పేరు జట్టు పట్టికలో ఉన్నది. ఒలింపిక్సు సంగతి మరింత కఠినము. అచట జట్టునకు పదహారుగురే గనుక గోలునకు ఒక్కరినే తీసికొని, రెండవవారిని ప్రత్యామ్నాయముగా వెంట నిలుపుట వాడుక. 2016లో రియోకును, 2021లో జరిగిన టోక్యో క్రీడలకును రజని అట్లే ప్రత్యామ్నాయముగా ఎంపికయ్యెను. టోక్యోలో ఆగస్టు 2న గుర్జీత్ కౌర్ చేసిన ఒకే ఒక్క గోలును సవిత కడవరకు కాపాడి ఆస్ట్రేలియాను ఇంటికి పంపినప్పుడును, నాలుగు దినములకు కాంస్యపు ఆటలో బ్రిటన్ చేతిలో 3-4తో ఓడి అందరును కంటతడి పెట్టినప్పుడును, దేశము చూచినది ఒక్క ముఖమునే.

అయినను ఆ ప్రక్కస్థానమున ఏమి జరుగునో కొంచెము దగ్గరగా చూడుడు. మైదానపు హాకీలో గోలు పన్నెండడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. పెనాల్టీ కార్నరు పడినప్పుడు గోల్‌కీపరును, మరి నలుగురును గీత వెనుక నిలుతురు. డ్రాగ్ ఫ్లిక్ కొట్టువారి కర్రనుండి బంతి గంటకు నూరు కిలోమీటర్లను మించి రాగలదు. అట్టి దెబ్బలను శిబిరములో దినదినమును కాచుట మొదటివారికెంత అవసరమో రెండవవారికిని అంతే. కాళ్లకు, రొమ్మునకు, తలకు కవచములు బిగించుకొని, ఆడుదుమో ఆడమో తెలియని ఆటకై చెమటోడ్చవలెను. ఆడువారికి అలసట ఫలమువలె తోచును. ఆడనివారికి అలసట అలసటగనే మిగులును. మనస్సు చల్లబడుటకు ఇంతకన్న అనువైన స్థానము లేదు. రజని దానిని ఏండ్ల తరబడి చల్లబడనీయలేదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో న్యూజిలాండును షూటౌట్‌లో గెలిచి కాంస్యము తెచ్చిన జట్టులోను ఆమె ఉన్నది, వయస్సు ముప్పది రెండేండ్లు.

ఆ ఓపికకు ఒక ఫలము మస్కట్‌లో దక్కెను. 2024 జనవరిలో అచట జరిగిన మొట్టమొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్పులో భారత మహిళా జట్టునకు నాయకురాలు రజనియే. ఇది ఐదుగురు ఐదుగురుగా, చిన్న మైదానములో ఆడు ఆట. ఎచటనుండి కొట్టినను గోలే గనుక, కాచువారికి ఊపిరి తీసికొను తెరపియుండదు. ఇన్నాళ్లును గీత బయట కూర్చుండి చూచిన ఆమెకు ఆ పోటీలో రెప్పవేయుటకును తీరిక లేకపోయెను. జనవరి 27న తుది ఆటలో నెదర్లాండ్స్ 7-2తో గెలువగా మన జట్టు రజతముతో మరలెను. ఏడు గోల్స్ పడిన ఆటను ఆమె చరిత్రకు మకుటమని నేనెందుకు ఎంచుచున్నాననగా, ఓటమియైనను అది ఆమె సొంత ఓటమి. దానిని ఎవరి ప్రక్కనో నిలిచి చూడవలసిన పని ఆమెకు లేకుండెను.

మా నిజామాబాదు నుండియు యెండల సౌందర్య భారత మహిళా హాకీ జట్టునకు ఆడినది గనుక, ఈ ఆట మా ప్రాంతమునకు పరాయిది కాదు. చక్కెర మాత్రము పరాయిదైనది. 2015 డిసెంబరులో శక్కరనగరపు గానుగ నిలిచినది. ఆ ప్రక్కగా పోవునప్పుడెల్ల నాకు ఆ రెండు పంపులే తలపునకు వచ్చును. నడుచుచున్నదేదో, ఊరకున్నదేదో చెప్పుటకు ఇప్పుడు గుర్తులేదు. రెండింటికిని ఒకే మౌనము. పంపు చెడిపోవునది నడుచుటవలన గాదు, ఇరుసు త్రిప్పువారు లేకపోవుటవలన అని మామ అనుచుండెడివాడు. షిఫ్టు ముగియకముందు ఆయన వంగి, ఎవరును చూడకున్నను, ఊరకున్న పంపును అరచుట్టు త్రిప్పి, చేతినంటిన నూనెను ధోవతి అంచున తుడుచుకొని ఇంటిదారి పట్టెడివాడు.