బృహద్ధమని చీలికకు అధిక రక్తపోటే ప్రధాన కారణం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో తెలుగు కార్మిక కుటుంబాలు అనేకం. భారీ బరువులెత్తేటప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పటికే అధిక రక్తపోటు ఉన్నవారిలో అది బృహద్ధమని చీలికకు దారితీయవచ్చు.

గుండె నుంచి దేహమంతటికీ రక్తాన్ని చేరవేసే ఈ ధమని గోడలో మూడు పొరలుంటాయి. ఏళ్ల తరబడి అదుపు తప్పిన రక్తపోటు దానిని బలహీనపరుస్తుంది. లోపలి పొర చిరిగితే రక్తం గోడలోకి చొరబడి పొరలను విడదీస్తుంది. బాధితుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి అధిక రక్తపోటు ఉంటుంది.

ఛాతీలో లేదా వీపులో చీల్చినట్లు హఠాత్తుగా వచ్చే తీవ్రమైన నొప్పి దీని ముఖ్య లక్షణం. గుండెపోటుగా పొరబడి రక్తపు గడ్డలను కరిగించే మందు ఇస్తే ప్రాణాపాయం. సీటీ యాంజియోగ్రామ్‌తో నిర్ధారిస్తారు. గుండెకు చేరువలోని భాగం చీలితే అత్యవసర శస్త్రచికిత్స అవసరం. లక్షణాలు లేవని రక్తపోటు మందులు మానరాదు.